కేసింగ్ పైపుల గని రైలు

1983 జనవరి 17

గనిలో పాత సామాన్ల వేలం. ఇనుప తొట్లు, చక్రాలు, ఏటవాలు సొరంగం పైన ఉండే మోటారు — అన్నీ ఒక్కడే కొన్నాడు. వీరభద్రప్ప అట. బళ్ళారి వైపు మనిషి. ఊరూరా ఎగ్జిబిషన్ పెడతాడు, జెయింట్ వీలూ మృత్యుబావీ ఉన్నాయట.

లారీకి ఎక్కిస్తుంటే నన్నే చూస్తున్నాడు.

"ఈ తొట్లను లాగే మోటారు ఎవరప్పా చూస్తాండింది?"

"నేనే. ఫిట్టర్‌ని."

"పేరు?"

"ఓబులేసు."

"ఎల్లుండి అనంతపురానికి రా."

ఎందుకో చెప్పలేదు.

జనవరి 19

చెప్పాడు. మడతలు పడిన రంగుల కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. అమెరికా పత్రికలోదట. ఎర్రటి గుట్ట, గుట్ట చుట్టూ పట్టాలు, పట్టాల మీద అచ్చం మా తొట్ల లాంటివే. వాటిలో మనుషులు. చేతులు పైకెత్తి నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. అరుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"గని రైలు. ఇట్లాంటిది నాకు చేసియ్యల్ల నువ్వు."

"తొట్టి జారితే మనుషులు చచ్చిపోతారు సామీ."

"చావకుండా చెయ్యి. దానికే గదప్పా నిన్ను పిలిచింది."

ఆలోచిస్తానన్నాను. బస్సులో వస్తూ ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

జనవరి 20

గని మూసి ఏడు నెలలు. వాన మొహం చూడక రెండేళ్ళు. వేసిన వేరుశనగ చెట్టుకు కాయే లేదు. అక్క లింగమ్మ గంజి కేంద్రం వరుసలో నిలబడి సత్తుగిన్నెతో వచ్చింది. నా పాలు పక్కన పెట్టి, తన పాలు నిలబడే తాగింది.

ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం రాశాను.

ఫిబ్రవరి 4

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పే రాఘవయ్య సారు దగ్గరికి ఆ అమెరికా కాగితం పట్టుకెళ్ళాను. గంటసేపు చదివి చెప్పారు. పాత కాలంలో అక్కడి బొగ్గు గనిలో కంచర గాడిదలు ఖాళీ తొట్లను కొండ మీదికి లాగేవట. కిందికి దిగేటప్పుడు అవీ తొట్టిలో నిలబడి జారేవట. అది చూసి జనం మేమూ ఎక్కుతామన్నారట. ఈ ఆటలన్నీ అక్కడినుంచే పుట్టాయని ఒక మాట ఉందట. చాలాకాలం కర్రతో కట్టారు, బాగా ఎత్తుగా. గొట్టాల పట్టాలు వచ్చాక, పదిహేడేళ్ళ కిందట, ఈ గని రైలు. ఒకే పెద్ద ఎత్తు కాదు. చిన్న ఎక్కుళ్ళు రెండో మూడో, మధ్యలో మలుపులు.

"దీనికి ఇంజన్ లేదు ఓబులేసూ. చైన్‌తో పైకి లాగి వదిలేది, అంతే. ఆ ఎత్తే దానికి పెట్రోలు. పోయేకొద్దీ పట్టాల గుట్టలు ఒకదానికంటే ఒకటి తగ్గుతా రావల్ల. లేకుంటే నడిమధ్యలో నిలిచిపోతాది."

గాడిదల సంగతే బుర్రలో తిరుగుతోంది. బరువు లాగినవాటికి దిగేటప్పుడు తొట్టిలో చోటు. మా గనిలో ఆ మాత్రం కూడా…

ఫిబ్రవరి 11

గొట్టాలు దొరికాయి. నీళ్ళు పడని బోర్ల నుంచి పెరికిన కేసింగ్ పైపులు. కళ్యాణదుర్గం వైపు ఊరికి నాలుగు బోర్లు ఎండిపోయి ఉన్నాయి. ఒక రైతు పైపు లాగుతుంటే దగ్గర నిలబడి చూశాడు.

"దేనికన్నా ఇవి?"

"ఆటకు."

లారీ మీదికి ఎక్కించడానికి తనూ ఒక చెయ్యి వేశాడు.

మార్చి 2

పైపు వంచడం. లోపల పొడి ఇసుక దట్టించి, రెండు కొసలా బిరడా కొట్టి, కింద బొగ్గుల మంట. ఎర్రబడ్డాక ఆరుగురం పట్టి లాగాలి. ఇసుక లేకుంటే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. మూడు పాడయ్యాయి. అరచేతులు బొబ్బలు. కలం సరిగా ఆనడం లేదు.

మార్చి 9

గని చక్రం పనికిరాదు. దానికి లోపలి అంచు ఒక్కటే. గుట్ట దిగేటప్పుడు తొట్టి పైకి లేస్తే ఆపేది ఏదీ లేదు. ఒక్కో మూలకు మూడు చక్రాలు కావాలి — గొట్టం మీద ఒకటి, పక్కన ఒకటి, కింద ఒకటి. గొట్టాన్ని గుప్పిట పట్టినట్టు.

వీరభద్రప్ప: "కిందది ఎందుకప్పా? బరువుకు తొట్టి యాడికి పోతాది?"

మార్చి 21

మనుషులకు బదులు వేరుశనగ సంచుల్లో మట్టి నింపి తొట్లలో కూర్చోబెట్టి, మోకులతో పైకి లాగి వదిలాం. రెండో గుట్ట దగ్గర రెండు సంచులు ఎగిరి ఇరవై అడుగుల అవతల పడ్డాయి. పగిలి మట్టంతా…

వీరభద్రప్ప పగిలిన సంచిని కాలితో తిప్పి చూశాడు. తర్వాత, "కింద చక్రాలు వెయ్యి. కూర్చున్నోళ్ళకు అడ్డంగా ఒక కమ్మీ వెయ్యి."

రెండో గుట్టను మూడడుగులు తగ్గించాను.

మార్చి 30

ఇక మిగిలింది ఎక్కుడు, రైలును చైన్ పైకి లాగే మొదటి ఏటవాలు. చైన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు లాగిన పాతది. అది తెగితే? కరెంటు పోతే?

గనిలో ఏమైందో రాయాలనుకున్నాను. రాయలేను.

మార్చి 31

రాస్తాను.

నాలుగేళ్ళ కిందట. ఏటవాలు సొరంగంలో తొట్లను లాగే ఇనుప తాడు తెగింది. ఐదు తొట్లు వెనక్కి జారాయి. కింద అక్క మొగుడు తిమ్మప్ప బావ, ఇంకొకతను. బావను గుర్తుపట్టింది నేనే, నడుముకు కట్టుకున్న మొలతాడును బట్టి.

ఆ వారం తాడు చూసింది నేను. మూడు పోగులు తెగి ఉన్నాయి. నా పైన ఉండే మేస్త్రీకి చెప్పాను. "వచ్చే వారం మారుద్దాం, తాడు బాగుందని పుస్తకంలో సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను.

అక్కకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీకి కూడా ఇవాళే.

ఏప్రిల్ 6

ఎక్కుడు పొడుగునా పట్టాల మధ్య ఇనుప పళ్ళు వేశాను. ప్రతి తొట్టి కింద ఒక కొక్కెం. పైకి పోయేటప్పుడు పంటి మీదినుంచి పంటి మీదికి టక్ టక్‌మని దాటుతుంది. చైన్ వదిలేస్తే వెనక పంటికి తగులుకుని నిలుస్తుంది. జానెడు కూడా జారదు. అమెరికా వాళ్ళదీ ఇంతేనని సారు అన్నారు. సంచులతో ఎక్కించి, నడిమధ్యలో చైన్ విప్పేశాను. నిలిచింది.

మళ్ళీ. నిలిచింది.

పదకొండు సార్లు చేశాను. కూలీలు నన్ను చూసి నవ్వుకున్నారు.

అక్టోబర్ 8

అనంతపురంలో దసరా ఎగ్జిబిషన్‌కు మొదలు. గోనెపట్టలు కట్టి, ఎర్రమట్టి పూసి గుట్ట చేశారు. మధ్యలో చీకటి సొరంగం. చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా వచ్చారు. బుక్కరాయసముద్రం చెరువు అడుగు పగుళ్ళిచ్చింది, ఆ చెరువులోంచే అడ్డంగా నడిచి వచ్చామన్నారు కొందరు.

కరువులో ఎవరెక్కుతారు అనుకున్నాను. "కరువులోనే ఎక్కుతారప్పా" అన్నాడు వీరభద్రప్ప. అతనిదే నిజమైంది.

అక్టోబర్ 10

నాలుగో ఆటలో కరెంటు పోయింది. రైలు ఎక్కుడు మధ్యలో. పళ్ళు పట్టాయి. జనం భయపడలేదు, ఈలలు వేశారు. నేను మాత్రం కిందికి దూరి ఒక్కో కొక్కేన్నీ చూసుకున్నాను.

అక్టోబర్ 14

అక్క వచ్చింది. నన్ను కాదు, నేరుగా వీరభద్రప్పను అడిగింది పని. జనాన్ని కూర్చోబెట్టి కమ్మీ వేసే పని ఇచ్చాడు. వద్దన్నాను.

"ఏం, గంజి గిన్నె ఇంగా ఎన్నాళ్ళు పట్టుకోమంటావురా?"

నవంబర్ 20

అక్క కమ్మీని రెండుసార్లు లాగి చూస్తుంది. ఎవరైనా తమాషాకు నిలబడితే, "కూచోప్పా, నీ యమ్మ ఎదురుచూస్తాంటాది" అంటుంది. కూర్చుంటారు. ఇంట్లో జొన్న సంగటి. పొయ్యి రెండు పూటలా వెలుగుతోంది.

డిసెంబర్ 3

సంగటి తింటూ అక్క అంది —

"దిగేటోళ్ళను చూస్తాంటాను రోజూ. నవ్వుకుంటా దిగుతారు. ఆ పళ్ళు నువ్వే ఆలోచన చేసినావంట. అప్పుడు గనిలో ఉండింటే మీ బావ కూడా ఇంటికొచ్చేటోడు."

ముద్ద పళ్ళెంలో వదిలి చెప్పేశాను.

"తాడు నువ్వు చూసినావా?"

"చూసినా."

"తెగుతాదని తెలుసా?"

"మూడు పోగులు తెగిండె."

"సంతకం పెడితివా?"

"పెడితిని అక్కా."

లేచి చెయ్యి కడుక్కుంది. నా పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది. అంతే.

డిసెంబర్ 4

మాట లేదు.

డిసెంబర్ 19

మాట లేదు. సంగటి మాత్రం పెడుతుంది. "రేయ్" అని కూడా పిలవదు.

1984 ఫిబ్రవరి 26

ఎగ్జిబిషన్ ఉరవకొండకు మారింది. మూడు లారీలు. అక్క ఆడవాళ్ళతో కలిసి లారీలో ముందే వెళ్ళిపోయింది. రేకుల షెడ్డులో వాళ్ళతోనే ఉంటోంది.

మార్చి 12

కొక్కేలు చూశాను. ఆరు తొట్లకూ అరిగి గుండ్రంగా అయ్యాయి. పళ్ళు కూడా. చైన్‌లో రెండు లింకులకు సన్నని పగులు. వేలితో తడిమితే గోరు దిగుతోంది.

చైన్ తెగినా పళ్ళు పట్టుకోవాలి. అందుకే వేశాను. ఇప్పుడు రెండూ…

మార్చి 13

"పది దినాలు ఆపల్ల సామీ. కొత్త కొక్కేలు, కొత్త చైన్."

"ఉగాది వస్తాంది. ఉగాది అయినాక చూద్దాం."

"ఉగాదికి ముందే తెగితే?"

"వెల్డింగ్ చేసి ముందుకు పోనీప్పా. నాకు ఇదొక్కటే నడుస్తాండేది. అందరూ దీని మీదనే తింటాండారు, నీ అక్కతో సహా."

రైలు బాగుందని రోజూ రాసే పుస్తకం ముందుకు జరిపాడు. సంతకానికి. ఇక్కడ కూడా పుస్తకం ఉంది. నేనే పెట్టించాను, జాగ్రత్త కోసమని.

పెట్టలేదు.

మార్చి 14

పనిలోంచి తీసేశాడు. హోస్పేట నుంచి ఇంకో ఫిట్టర్‌ని పిలిపించాడు. కుర్రాడేం కాదు, నా వయసువాడే. చైన్ చూపించాను. తల ఊపాడు. "నాకూ ఇంట్లో ఐదు మంది ఉండారన్నా" అన్నాడు.

సంతకం అతను పెట్టాడు.

మార్చి 17

తాలూకా ఆఫీసుకు వెళ్ళాను. అర్జీ ఇచ్చాను. గుమాస్తా చదివి —

"ఎవురికన్నా దెబ్బ తగిలిందా?"

"ఇంగా లేదు."

"మల్ల ఇంగేం రాసేది?"

అర్జీ మాత్రం తీసుకున్నాడు. కరువు అర్జీల కట్ట మీద పెట్టాడు.

మార్చి 20

మూడు రోజులుగా టికెట్ కొని ఎక్కుతున్నాను. చివరి తొట్టి. అక్కడ కూర్చుంటే చైన్ చప్పుడు బాగా వినిపిస్తుంది. కొక్కెం పంటిని దాటే చప్పుడులో తేడా ఉంది. టక్ అనాల్సింది, జారి రుద్దుకున్నట్టు వస్తోంది. చుట్టూ అందరూ అరుస్తారు. ముందు తొట్టిలో ఒకామె చంకలో పిల్ల. తల తిప్పి నన్ను చూసి నవ్వింది పిల్ల.

అక్క నాకూ కమ్మీ వేస్తుంది. రెండుసార్లు లాగి చూస్తుంది. మొహం చూడదు.

మార్చి 23

ఇవాళ దిగాక పక్కకు పిలిచాను. మూడు నెలల తర్వాత మాట్లాడింది.

"అక్కా, చైన్ తెగుతాది."

"తెలుసు. కొత్తాయన చెప్పినాడు."

"తెలిసీ కమ్మీ వేస్తాండావా?"

నన్ను సూటిగా చూసింది. ఎండకు పెదవులు పగిలి ఉన్నాయి.

"ఆ పొద్దు నువ్వెందుకు పెడితివి సంతకం?"

"పని పోతాదని."

"ఆఁ. నాకిప్పుడు అర్థమయింది. మూడు నెలలు ఎంత ఆలోచన చేసినా అర్థం కాలేదు, ఈడ నిలబడితే అర్థమయింది."

"అట్ల అనొద్దక్కా."

"ఈ షెడ్డులో పదిమంది ఆడోళ్ళముండాం. ఊరికి పోతే మళ్ళా గంజి వరుసే. నువ్వొచ్చి ఏదన్నా విప్పేసినావనుకో, నేనే అరుస్తా. జనాన్ని పిలిచి పట్టిస్తా నిన్ను. చెప్తాండా ముందే."

వరుసలో వాళ్ళు కేకలు వేస్తున్నారు. వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నువ్వు మాత్రం ఎక్కొద్దు రేయ్."

మార్చి 25

వెళ్ళలేదు. గదిలోనే ఉన్నాను. గాలి ఇటు మళ్ళినప్పుడు అరుపులు వినిపిస్తాయి. ప్రతిసారీ ఆగి వింటాను — ఏ రకం అరుపో.

మార్చి 28

కొత్త ఫిట్టర్ టీ కొట్టు దగ్గర కనిపించాడు. మూడో లింకుకు కూడా పగులు వచ్చిందట. చెప్పి, టీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

మార్చి 31

రేపటి నుంచి ఉగాది జనం. ఎడ్లబళ్ళు ఇప్పటికే వస్తున్నాయి.

చైన్ కలిపే చోట ఒక పిన్ను ఉంటుంది, కొసన మర. ఆ మర విప్పి పిన్ను తీసి జేబులో వేసుకుంటే చాలు. అలాంటి పిన్ను ఉరవకొండలో దొరకదు. హోస్పేట నుంచి తెప్పించాలి, లేదా చేయించాలి. నాలుగు రోజులు పడుతుంది. ఉగాది వెళ్ళిపోతుంది. అక్క పని కూడా వెళ్ళిపోతుంది. పదిమంది పని.

పొద్దున ఆరింటికి మోటారు దగ్గర ఎవరూ ఉండరు. అక్క తప్ప. ఆ వేళకు కమ్మీలన్నీ తడిగుడ్డతో తుడుస్తూ ఉంటుంది.

పానా సంచిలో పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను.

అక్క అరుస్తుందా…