మళ్ళీ అడగని మనుషులు

2025 జూన్ 14, శనివారం

ఇవాళ మా ఆయన లాప్‌టాప్ మీద దుమ్ము తుడిచాను. ఏడాదిగా మూసే ఉంది. చూపు పోయాక ఆయన దాని జోలికి వెళ్ళలేదు, నన్నూ వెళ్ళనివ్వలేదు. హైదరాబాద్‌లో పొద్దస్తమానం కోడ్ రాసిన మనిషి ఏలూరు వచ్చాక రేడియో పెట్టుకుని కూర్చుంటారు. వ్యవసాయ సూచనలు కూడా వదలరు. నాకు ఒళ్ళు మండుతోంది. ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలియదు.

ఆయన పిన్ని కూతురు భావన ఫోన్ చేసింది. కంప్యూటర్‌లో టెర్మినల్ అనే ఉత్త అక్షరాల తెర మీద పనిచేసే ఏఐ అసిస్టెంట్ ఒకటి ఉందట, ఓపెన్ సోర్స్. బొమ్మలూ బటన్లూ ఉండవు, అంతా అక్షరాలే. మామూలు మాటల్లో టైప్ చేస్తే కోడ్ రాస్తుంది, ఫైళ్ళు చదివి చెబుతుంది. అక్షరాలే కాబట్టి స్క్రీన్ రీడర్ అన్నీ పైకి చదివేస్తుందని, అన్నయ్యకి పనికొస్తుందని చెప్పింది. రోజూ పాసింజర్ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకేం తెలుసు. అయినా ఇన్‌స్టాల్ చేశాను.

జూన్ 16, సోమవారం

ముట్టుకోలేదు.

జూన్ 22, ఆదివారం

ముట్టుకున్నారు. కాసేపటికే హెడ్‌ఫోన్స్ విసిరికొట్టారు. అసిస్టెంట్ ఆలోచిస్తున్నంతసేపూ తెర మీద ఒక చుక్క గిరగిరా తిరుగుతుంది. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. స్క్రీన్ రీడర్ మాత్రం అది తిరిగిన ప్రతిసారీ థింకింగ్, థింకింగ్ అని చదువుతుంది. జవాబు వచ్చేలోపు పిచ్చెక్కుతుంది. దీన్ని చేసినవాడెవడో ఒక్కసారైనా కళ్ళు మూసుకుని వాడి చూశాడా అని ఆయన కేకలేశారు. ఏడాది తర్వాత ఆయన గొంతు ఈ ఇంట్లో అంత గట్టిగా వినబడింది. అత్తయ్యగారు కంగారుగా వచ్చి ఏమైందన్నారు. ఏం కాలేదండీ, బాగానే ఉందన్నాను. నాకు నిజంగానే పండగలా ఉంది.

జూన్ 29, ఆదివారం

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో ఇవాళ అర్థమైంది. నచ్చకపోతే తిట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు, లోపల చెయ్యి పెట్టి బాగు చేసుకోవచ్చు. ఆయన ఆ అసిస్టెంట్ చేతే దాని కోడ్ చదివించుకుని, చుక్కని ఆపేసే ఆప్షన్ రాస్తున్నారు. తన వంకర తనే వెతుక్కుంటోంది, పాపం.

కోడ్‌లో ఏ లైను అంచు నుంచి ఎంత లోపలికి జరిగిందో ఆయన చెవికి అందదు, నేను చూసి చెప్పాలి. రోజూ సాయంత్రం పాసింజర్ దిగి, కాళ్ళు కడుక్కుని, ఆయన పక్కన కూర్చుంటాను. కొత్త కాపురంలో కూడా ఇంతసేపు ఆనుకుని కూర్చోలేదు.

జూలై 9, బుధవారం

ఆయన పంపిన మార్పుని ఆ అసిస్టెంట్ తయారుచేసేవాళ్ళు తీసుకున్నారు. రాసినవాళ్ళ జాబితాలో రఘురామ్ అని ఆయన పేరు కూడా పడింది. అత్తయ్యగారు చక్కెర పొంగలి చేశారు. ఏం జరిగిందో ఆవిడకి తెలియదు. కొడుకు నవ్వాడని చేశారు.

జూలై 27, ఆదివారం

కొల్లేరు వెళ్ళాం, ఆటపాకకి. పడవలో దారంతా కోడ్ గురించే. ఇప్పుడు రాస్తున్నది స్క్రీన్ రీడర్ సంగతి కూడా కాదు, అసిస్టెంట్ ఏదైనా ఫైలు పాడుచేస్తే పాతదాన్ని తిరిగి తెచ్చే భాగం. చుట్టూ గూడబాతులు. నేను వాటిని చూస్తూ తల ఊపాను. తర్వాత గుర్తొచ్చి, వింటున్నానండీ అన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

ఆ అసిస్టెంట్ ప్రాజెక్టు చూసుకునే ఆవిడ ఫిన్లాండ్‌లో ఉంటుంది. మెయింటైనర్‌గా చేరతారా అని మెసేజ్ పెట్టింది. ఎవరు పంపిన కోడ్ తీసుకోవాలో, ఏది వద్దో తేల్చే పని. జీతం ఉంది. ఇంట్లోంచే చేసుకోవచ్చు. నేనే చదివి వినిపించాను.

ఆయన వెంటనే జవాబు చెప్పారు, నేను టైప్ చేశాను. నేను అంతటివాణ్ణి కాదు, నాకన్నా అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందు వాళ్ళని చూడండి అని. నవ్వుకుంటూనే టైప్ చేశాను. మావైపు అంతే కదా. భోజనానికి లేవమంటే ఎవరైనా మొదటి పిలుపుకే లేస్తారా? అబ్బే, ఇప్పుడే తిన్నామండీ అంటాం. వాళ్ళు మళ్ళీ అంటారు. ఇంకోసారి అన్నాక వెళ్ళి కూర్చుంటాం.

ఆగస్టు 5, మంగళవారం

వాళ్ళు మళ్ళీ అనలేదు. మీ నిర్ణయాన్ని గౌరవిస్తాం, చేసిన పనికి కృతజ్ఞతలు అని వచ్చింది. ఇంకెవరికైనా ఆసక్తి ఉంటే శుక్రవారంలోగా రాయమని గ్రూపులో పెట్టేశారు.

ఆగస్టు 6, బుధవారం

మళ్ళీ రేడియో. అత్తయ్యగారికి చెప్పాను. ఒక్కసారి అడిగి ఊరుకోవడమేమిటి, మర్యాద తెలియని మనుషులని ఫిన్లాండ్ మొత్తాన్నీ తిట్టిపోశారు. ఆయన నవ్వలేదు.

ఆగస్టు 7, గురువారం

రేపే గడువు. ఆయన్ని రాయమన్నాను. వద్దన్నవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడన్నారు. పోనీ నేనే రాసేద్దామని ఆయన అకౌంట్ తెరిచాను. రాసి, చెరిపేశాను. కళ్ళు ఎలాగూ నావే వాడుకుంటున్నారు, నోరు కూడా నాదే అయితే ఆయనకేం మిగులుతుంది? వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. తిరిగొచ్చి, మొహమాటమేనా, ఇంకేమైనా ఉందా అని నిలదీశాను.

ఆయన రేడియో కట్టేశారు.

"జాలిపడి పిలిచారేమో, ఉమా."

ఆ మెసేజ్ మళ్ళీ తీసి నిదానంగా చదివాను. అందులో కళ్ళ మాటే లేదు. ఫైళ్ళ భాగం గురించి ఉంది, ఇంత శుభ్రంగా ఇంకెవరూ రాయలేదని ఉంది. ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

"మీరు కేకలేసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చిందండీ. ఆ మనిషి నాకు కావాలి. కానీ నాకోసమైతే రాయకండి. మీకు కావాలంటేనే రాయండి."

లాప్‌టాప్ తనవైపు జరుపుకున్నారు. నన్ను టైప్ చేయనివ్వలేదు. ఇంగ్లీషులో రెండే ముక్కలు. నాకీ పని కావాలి. నేను చేయగలను. ఎక్కడా క్షమించండి లేదు, మీకు వీలైతే లేదు. పంపేసరికి నుదురంతా చెమట. కొంగుతో తుడిచాను.

ఆగస్టు 11, సోమవారం, ఉదయం

జవాబు వచ్చింది. స్క్రీన్ రీడర్ ఎంత జోరుగా చదివిందంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన తల వంచుకుని విన్నారు. లంచ్ బాక్సు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, ఏమన్నారండీ అన్నాను.

ఆయన నవ్వి, నాకోసం వేగం తగ్గించి, మళ్ళీ మొదటినుంచి పెట్టారు. పాసింజర్ పోతే పోయిందని పక్కన కూర్చున్నాను.