స్టాటిక్ అంటేనే కదలదట

దేవదాస్ గారికి,

చేనేత సంఘం యాప్‌లో జరిగిన పొరపాటుకు నన్ను ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో సంజాయిషీ ఇమ్మన్న మీ మెమో అందింది.

ఒక్కో కస్టమర్‌కు యాప్ తయారుచేసే మన బిల్డ్ స్క్రిప్టులో, కస్టమర్ పేరును అన్ని బిల్డులూ పంచుకునే స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టింది మీరే. రెండు బిల్డులు ఒకేసారి నడిస్తే ఒకదాని పేరు ఇంకోదానికి అంటుకుంటుందని నేను చెబితే, "స్టాటిక్ అంటెనే కదలదు గదమ్మా, ఎందుకు ఫికర్ జేస్తవ్?" అన్నారు.

నిజమే, కదలలేదు. మన ఇంకో కస్టమరైన దవాఖాన పేరు అక్కడే ఉండిపోయి చేనేత సంఘం యాప్‌లోకి ఎక్కింది; దవాఖాన మెసేజ్‌లు సంఘం వాళ్లకు వెళ్లాయి. నూలు వచ్చిందన్న కబురు అందాల్సిన కొత్తవాడ రాజవ్వకు, రక్తపరీక్షకు పరగడుపున రమ్మని మెసేజ్ వెళ్లింది. పాపం, సంఘం యాప్‌లోనే వచ్చింది కదా అని మధ్యాహ్నం దాకా తినకుండా సంఘం మెట్ల మీద కూర్చుంది.

అన్నట్టు, మెమో మీద సంధ్యారాణి అని ఉంది. ఆమె మానేసి నెలైంది. మెమోలో కూడా పేరును స్టాటిక్‌గానే పెట్టారా? అయితే సంజాయిషీ ఆమెనే అడగండి.

ఇట్లు,
సంధ్యారాణి కాని ఉద్యోగి