తమ్ముడు లోకనాథ్ కోసం ఆపరేషన్‌కు వెళ్లే ముందు

శ్రీకాకుళం జిల్లా కవిటిలో కుట్టుపని చేసుకొని బతుకుతున్న, ప్రభువునందు నిద్రించిన మడ్డు ఆనంద్ గారి భార్య మడ్డు రాజకుమారి అను నేను, నలభై తొమ్మిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు మరేదీ రాయలేదు. వచ్చే మంగళవారం విశాఖపట్నంలో నా ఎడమ కిడ్నీ తీసి నా తమ్ముడు లోకనాథ్‌కు పెడతారు. తెలివికి లోటు లేదు గానీ నాకు చాలా భయంగా ఉంది. లేఖరి తారకేశ్వరరావు గారు ఇలాంటివి వీలునామాలో రాయరన్నారు. రాయమన్నాను.

1. నేనుంటున్న రేకుల ఇల్లు, దాని ముందున్న కుట్టు దుకాణం నా ఏకైక కుమార్తె సింధూరకు సర్వహక్కులతో చెందవలెను. టెక్కలిలో ఉద్యోగం చేస్తున్న సింధూర ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. "నాన్నకి సరిపడని కిడ్నీ మావకెలా సరిపోయిందమ్మా? నీకేటైనా అయితే నాకెవులున్నారు?" అని అడిగింది. ఆనంద్‌ను డయాలసిస్‌కు తీసుకెళ్లినన్నాళ్లూ పలాస బస్సులో ఆయన తల నా భుజం మీదే ఉండేది. ఆ జబ్బు మనిషిని ఎలా తీసుకుపోతుందో నాకు తెలుసు. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఈ ఉద్దానంలో పుట్టి ఒక్క కిడ్నీతో బతకడమంటే ఏమిటో డాక్టర్లు కూర్చోబెట్టి చెప్పారు. అమ్మా సింధూరా, నీకంటే మావ ఎక్కువై ఈ పని చేయడం లేదు.

2. మా నాన్న జగన్నాథరావు గారు నా పేర రాసిచ్చిన జీడితోట కూడా సింధూరదే. నేను ఆనంద్‌ను పెళ్లాడి బాప్తిస్మం తీసుకున్న ఏడాదే లోకనాథ్ దానికి కంచె వేసి తాళం పెట్టాడు. "నువ్వు మాకు సచ్చిపోయినట్టే" అన్నాడు. ఆ మాటను క్షమించాను. తోటను వదులుకోలేదు. కిడ్నీ ఇస్తోంది కదా, తోట అడగదులే అని ఎవరూ అనుకోరాదు.

3. నా ముక్కుపుడక, మా అమ్మ కట్టిన పట్టుచీర లోకనాథ్ భార్య, నా మరదలు చందనకు. ఆదివారం ప్రార్థన ముగిశాక వాళ్లింటి ముందుకు వెళ్లి నిలబడేదాన్ని. ఎన్నో ఏళ్లు వెళ్లాను. తమ్ముడు నన్ను చూసి లోపలికి పోయేవాడు. ఈ వారం కాకపోతే పై వారం అనుకొని వచ్చేసేదాన్ని. అమ్మ పోయిన రోజున కూడా గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎండలో నిలబడి ఉంటే చందన ఎవరి వంకా చూడకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వీధిలో వేసి వెళ్లింది. అందుకు ఆమె ఇంట్లో ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు.

4. లోకనాథ్‌కు కిడ్నీ తప్ప వేరే ఏమీ రాయడం లేదు. జబ్బు సంగతి తెలిసి నేనిస్తానని కబురు పెడితే "దాని రగతం నాకొద్దు" అన్నాడు. మళ్లీ ఆగాను. ఈ వేసవిలో మిట్టమధ్యాహ్నం వాచిన కాళ్లతో ఆటో దిగి నా దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. "అక్కా, నాకు బయమేత్తంది" అన్నాడు. "నాకూ బయమేరా" అన్నాను. చాప వేస్తే పడుకున్నాడు. వాడు రావాలనే ఇన్నేళ్లూ ప్రార్థించాను. ఇలా వస్తాడనుకోలేదు.

నా ప్రాణం బల్ల మీదే పోతే, అక్కను చంపుకున్నాడని వాడిని ఎవరూ అనరాదు. అలా అననివ్వకుండా చూసే బాధ్యత సింధూరది. ఇది ఆస్తికి పెట్టిన షరతు కాదు, అమ్మ అడుగుతోంది.

5. ఇది మా సంఘానికి, ముఖ్యంగా పాస్టరు గారికి. లోకనాథ్‌ను మందిరానికి రమ్మని, సాక్ష్యం చెప్పమని అడగవద్దు. నేను ఎర వేయడం లేదు. వాడు తనంతట తాను వచ్చేదాకా ఆగడం దేవునికి నాకంటే బాగా చేతనవును.

6. నన్ను సంఘపు సమాధుల తోటలో ఆనంద్ పక్కన పెట్టవలెను. లోకనాథ్ పసుపు, పువ్వులు తెస్తే ఆపవద్దు. నా శవం ముందు మా పుట్టింటివారు, సంఘంవారు తగువు పడతారేమోనన్న తలపు నన్ను ఆపరేషన్ కన్నా ఎక్కువ భయపెడుతోంది.

7. మందిరంలో నా పక్కన కూర్చునే రోజా ఈ వీలునామాను అమలు జరపవలెను. కుట్టుమిషను ఆమెకు. నేను ఏడుస్తుంటే ధైర్యం చెప్పకుండా పక్కనే కూర్చున్నది ఆమె ఒక్కతే. సంఘ పెద్ద దాలయ్య గారు మాత్రం "ఇశ్వాసమున్నోళ్లకి బయమేటమ్మా" అన్నారు. ఆ కోపం నాకింకా పోలేదు. అందుకే ఆయననే సాక్షిగా పిలిపించాను, నా భయాన్ని దగ్గర నుంచి చూస్తారని.

కవిటి, 13 సెప్టెంబరు 2025.

కింద వంకరగా పడిన సంతకం నాదే. ఇష్టపడే చేశాను.

మడ్డు రాజకుమారి

సాక్షులు: దాలయ్య, సంఘ పెద్ద
సాయికుమార్, పొరుగింటివాడు