శనగల జాడీలో దాచిన పేరు

నా తల్లి థెక్లాకు, అమ్మ దీవించి రాసుకొనేది. ఇక్కడ థెస్సలోనికలో నేనూ మేకా బాగానే ఉన్నాం. ట్రెబిజోండులో నువ్వూ అల్లుడూ పసివాడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈసారి ఎవరిచేతా రాయించలేదు. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నా దగ్గు తగ్గింది. ఆలివ్ కాయల జాడీ ఓడవాళ్లతో పంపుతున్నాను. పిల్లాడి పేరు సంగతి చివర రాస్తాను. నిరుడు జ్వరంతో మీ అన్న పోయాక వాడి వస్తువులేమయ్యాయని అడిగావు. రెండు ఉత్తరాల నుంచీ దాటేస్తున్నాను, ఇప్పుడు చెబుతాను.

వలలు అల్లుకొనే ఇంట పుట్టి మన ప్రొకోపి పెద్ద చర్చిలో పత్రాల అధికారి అయ్యాడు. పత్రం దారానికి సీసపు బిళ్ల గుచ్చి, లోపలి ముఖాలకు అచ్చు చెక్కిన ఇనుప పటకారు నడుమ పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే, ఒకవైపు దేవమాత బొమ్మ, రెండోవైపు 'అమ్మా, నీ దాసుడు ప్రొకోపిని కాపాడు' అని పడేది. ఆ బిళ్ల మీద వేలు పెట్టించే నాకు అక్షరాలు నేర్పాడు. నేను చదివిన మొదటి పేరు నా కొడుకుది.

మనిషి పోతే ఆ పటకారు ముఖాల మీద ఉలితో గాట్లు పెట్టేస్తారు, ఇంకెవరూ ఆ పేరుతో ముద్ర వేయకుండా. చర్చి నుంచి డీకన్ సబాస్ వచ్చి పటకారు ఏదని అడిగితే, వాడితోపాటే పూడ్చేశానని చెప్పాను. నిజానికి శనగల జాడీలో దాచాను. వాడి పేరు మీద ఉలి పడుతుంటే నేను చూడలేననుకున్నాను తల్లీ.

పోయిన నెల కొండ మీది సన్యాసినుల మఠం పెద్దమ్మ మక్రీనా వచ్చింది. వాళ్ల ద్రాక్షతోట పత్రం మీద ఉన్న మీ అన్న ముద్ర దొంగదని పక్క భూస్వామి దావా వేశాడట.

"పోల్చి చూపిద్దామంటే పటకారు మట్టిలో ఉందాయె. పదకొండు మంది ఆడవాళ్లం, తోట పోతే ఏం తింటాం ఎవ్‌దోకియమ్మా?"

"ముందు ఈ శనగలు తినండి" అని జాడీ ఆమె ముందు ఒంపేశాను. శనగలతోపాటు పటకారూ దొర్లింది.

మర్నాడు బిషప్‌గారి ముందు సబాస్ నన్ను నిలదీశాడు. "పూడ్చానన్నావుగా?"

"అన్నాను. అబద్ధం. శిక్ష తరవాత వేద్దువుగాని నాయనా, ముందు సుత్తి తెప్పించు."

"ముసలమ్మ వంటింట్లోంచి సాక్ష్యం వచ్చిందే" అని భూస్వామి నవ్వాడు.

కొత్త బిళ్ల మీద ముద్ర కొట్టారు. ఈ పటకారు చేతికొచ్చిన మొదటిరోజే మీ అన్న దాన్ని మన గడప మీద జారవిడిచాడు, గుర్తుందా? దేవమాత భుజం మీద పడ్డ ఆ నొక్కు తోట పత్రం బిళ్ల మీదా, ఈ కొత్త బిళ్ల మీదా ఉంది. బిషప్‌గారు పాత ముద్ర నన్నే చదవమన్నారు. చదివాను. తోట మఠానికే దక్కింది.

తరవాత ఉలి తెచ్చారు. పటకారు నేనే పట్టుకోవాలి, అదీ నా శిక్ష. పట్టుకున్నాను. ఒక్కో ముఖానికి ఒక్కో దెబ్బ.

కొత్త బిళ్లను దారం లేకుండా కొట్టారు, ఏ పత్రానికీ పనికిరాదు. అందుకని నాకిచ్చారు. గుడ్డలో చుట్టి ఆలివ్ జాడీ మెడకు కట్టాను. పసివాడికి ప్రొకోపి అని పెట్టుకోనా అని అడిగావు. అప్పుడు ఊ అనడానికి నోరు రాలేదు. పెట్టుకో. కాస్త పెద్దయ్యాక వేలు పట్టుకొని ఆ బిళ్ల చదివించు.

ఇట్లు,
పత్రాల అధికారి ప్రొకోపిని కన్న మీ అమ్మ