నలభై ఏడును దిద్దవద్దు

ఖార్కివ్ నగరంలో ఉంటూ, నగర వాద్యబృందంలో చిన్న డ్రమ్ము వాయించే దెమ్యాన్ వొరొష్చుక్ అనే నేను, వయసు ఇరవై ఆరు, చుక్క తాగకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, రేపు యుద్ధానికి పోతూ స్వహస్తాలతో రాసుకున్న మరణశాసనం ఇది. నాకు మతి సరిగ్గానే ఉంది. లేదనేవాళ్ళు నాలుగో అంశం దాకా ఓపిక పట్టాలి.

1. దీన్ని అమలు జరపవలసింది నా చెల్లెలు ఒరీస్యా. నా కోటు, టీ ఫ్లాస్కు, మంచం కింది కరపత్రాలు దానివే. దొరలు లేని లోకం గురించి నాకు తెలిసిందంతా వాటిలోనే ఉంది. చలికి కాల్చుకుంటే కాల్చుకో తల్లీ, కానీ చదివాక.

2. నేను రాసిన వాద్యబృందపు కన్సర్టో, అంటే బృందమంతా కలిసి వాయించే పెద్ద కృతి, దాని మీద సర్వహక్కులూ బృందంలోని ఎనభై మందికీ సమానంగా చెందుతాయి. ఒకడు ముందు నిలబడి వెలిగిపోతుంటే తక్కినవాళ్ళు వంతపాడే సంగీతమంటే నాకు అసహ్యం. ఇందులో ప్రతి కుర్చీకీ ఒక మాట ఉంది. మూడో భాగంలో ఆ మాటలన్నీ ఒకదాని పీక ఒకటి పట్టుకుంటాయి. ట్రంపెట్లు ఫ్లూటును తొక్కేస్తాయి, వయొలిన్లు తీగ తెగేదాకా గీరుతాయి, పెద్ద డ్రమ్ము అన్నిటి నెత్తినా పడుతుంది.

3. ముందు నిలబడి బెత్తం ఊపుతూ బృందాన్ని నడిపించే కండక్టర్ సెవెరిన్ పావ్లొవిచ్‌కు ఆ బెత్తం ముక్కలు రెండూ. మూడో భాగం తీసేయమంటూ, "ఒరే బాబూ, బాంబులు జనం ఇంట్లో ఊరికే వింటున్నారు. టిక్కెట్టు కొనుక్కొచ్చి మళ్ళీ అవే వినాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆ బెత్తం లాక్కుని విరిచాను. ఒక్క ఆవర్తం కోసినా, అన్ని వాద్యాల స్వరాలూ ఉన్న స్కోరును తగలబెట్టే అధికారం ఒరీస్యాకు ఇస్తున్నాను.

4. పెద్ద డ్రమ్ము వాయించే లుక్యాన్ హెరాసిమొవిచ్‌కు నా డ్రమ్ము కర్రలు నాలుగు జతలు. ఐదో జతకు ఆయన నెత్తురు అంటింది. అది కడగకుండా నాతో తీసుకుపోతున్నాను.

నేలమాళిగలో మొదటి రిహార్సల్ నాడు, ఫ్లూటు పాట పూర్తికాకముందే ఆయన దెబ్బ కొట్టాడు. బృందమంతా కకావికలైంది. "లెక్కపెట్టడం చేతకాదా ముసలోడా!" అని కర్ర విసిరాను. కనుబొమ చీలింది. "నలభై ఏడు లెక్కపెట్టాను నాయనా, రాసింది అంతే" అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ. "చెవులతో పాటు కళ్ళూ పోయాయా?" అన్నాను. ఆ వారమే సెవెరిన్ ఆయన్ని ఇంటికి పంపేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వాయించిన మనిషిని.

నిన్న ఆయన స్వరపత్రం తీసి చూశాను. నలభై ఎనిమిది ఆవర్తాలు ఊరుకోమని ఉండాల్సిన చోట నలభై ఏడు ఉంది. చేతిరాత నాదే. ఇంకొకరి చేత ఎత్తి రాయిస్తే దోపిడీ అని ప్రతులన్నీ నేనే రాశాను.

5. కొట్టింది అందరి ముందు. కాబట్టి ఎనభై మందీ కూర్చున్నాక, శ్రుతి చేసుకోకముందు, ఒరీస్యా పై అంశాన్ని గట్టిగా చదవాలి. ఎవరూ వయొలిన్ కమానుతో స్వరపత్రాల స్టాండు తట్టి మెచ్చుకోకూడదు. క్షమించమని అడగను. అడిగితే ఆయన క్షమించేస్తాడు. లుక్యాన్ తన చోటికి తిరిగి రాకుండా ఈ కన్సర్టో ఎవరూ వాయించరాదు.

6. ఆ నలభై ఏడును దిద్దవద్దు. మా వీధిలో మొదటి బాంబు సైరన్ కంటే ముందే పడింది. పై అంతస్తు పాప పియానో పాఠం సగంలోనే ఉంది. ఫ్లూటు పాడుతుండగానే దెబ్బ పడాలి. అప్పుడు కండక్టర్ సైగ చేయకూడదు. లుక్యాన్ లెక్కపెట్టుకుంటాడు.

ఖార్కివ్, 11 మార్చి 2024.

(సంతకం) దెమ్యాన్ వొరొష్చుక్

సాక్షులు:
పంతెలెయ్మోన్ హుజ్, హాలు కాపలాదారు
జోర్యానా బిలెట్స్కా, ఫ్లూటు, ఆ రోజు పాట సగంలో ఆగిపోయింది ఈమెదే