కోడలు చెప్పిన హెర్నియా

1998 ఆగస్టు 11, మంగళవారం. ఏక్‌బాల్‌పూర్, కలకత్తా.

నా కొడుకు ప్రకాశానికి ఈ ఉదయం ఆపరేషన్ అయింది. వృషణాల దగ్గర నరాలు ఉబ్బాయట, ఆ వేడికి వీర్యకణాలు తగ్గిపోయాయట. ఇప్పుడైనా పిల్లలు పుడతారా అని బెంగాలీ డాక్టరును అడిగాను. "పుట్టవచ్చు కాకా, ఖాయంగా చెప్పలేను. మూడు నాలుగు నెలలాగి మళ్లీ పరీక్ష చేద్దాం" అన్నాడు.

లోపం నా కొడుకుది కావచ్చని వాడి పెళ్లయిన ఈ ఆరేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళ కోడలు రూతును నేనే లేపి నిలబెట్టేవాణ్ణి. "ఈ గొడ్రాలి కడుపు పండాలని ప్రార్థించండి" అని గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ పిల్ల ముసుగు ముందుకు లాక్కుని నిలబడేది.

ఆసుపత్రి వరండాలో మా సంఘం సుగుణమ్మ ఎదురైంది.

"ఏటే రూతూ, ఆపరేషన్ నీకేనా? ఇన్నాళ్లకి దేవుడు మీ మావ మొర ఇన్నాడేటి?"

"నాకు కాదు పిన్నీ, ఆయనకి. హెర్నియా. మూటలు మోత్తారు కదా" అంది రూతు, నా వైపు చూడకుండా.

రేవులో కూలీల మీద పెత్తనం చేసే సర్దారుకైనా ఎదురు చెప్పిన మనిషిని నేను. పక్కనే నిలబడి మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకున్నాను.

ఇంటికొచ్చాక అన్నం పెట్టింది. "తినండి మావయ్యా, పొద్దుట్నించీ ఏటీ తినలేదు" అంది. తప్పు నాదమ్మా అని చెప్పడానికే నోరు తెరిచాను.

"కూరలో ఉప్పు చాల్లేదు" అన్నాను.

లేచి వెళ్లి ఉప్పు తెచ్చింది. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.