ఇద్దరి మొగాలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున వాకిట్లో నీ కారుకు పాలిష్ పట్టాను. కుప్పం గ్రానైట్ దుమ్మును పొడి తువ్వాలుతో గుండ్రంగా తుడిచి తుడిచి, పెయింటంతా సాలెగూడులాంటి సన్న గీతలు పడేలా చేశావు. రాయిని అద్దం చేసేవాడివి, సొంత కారును ఇట్లా గీకుతావా అని ఎన్నిసార్లు పోట్లాడానో!

ఫ్యాక్టరీలో రాయి పాలిష్ అయ్యాక నన్ను పక్కన నిలబెట్టుకుని అడిగేవాడివి: "సూడు పాపా, ఇద్దరి మొగాలూ కనపడ్తాండాయా?" రెండూ కనపడితేనే పని అయినట్టు నీకు.

మధ్యాహ్నానికి కారు తలుపు మీద గీతలన్నీ పోయాయి. "బాగుండాదిమ్మా, ఇంక సాల్లే," అంది అమ్మ. అలవాటుగా కాస్త పక్కకు జరిగి, నీకు చోటు వదిలి చూశాను. నా మొహం ఒక్కటే ఉంది.

ఇంకొంచెం పాలిష్ అద్దుకుని మళ్లీ రుద్దాను.